కారు బేరం – కంపారిటివ్ స్టేట్‌మెంటు

మన సంస్థలో ఒక చిన్న నీటి పంపు కొనవలెనన్నను ఇండెంటు, ఎస్టిమేటు, టెండరు, టెక్నికల్ బిడ్, ప్రైస్ బిడ్, కంపారిటివ్ స్టేట్‌మెంటు, ఫైనాన్సు వారి సమ్మతి అను ఏడు ద్వారాలు దాటవలసి ఉంటుంది. ఇట్టి సంస్థలో జీవితం గడిపిన మనమే, సొంత డబ్బుతో ఏడెనిమిది లక్షల కారు కొనవలసి వచ్చినప్పుడు మాత్రం ఆదివారం సాయంత్రం కుటుంబ సమేతంగా షోరూముకు వెళ్లి, రంగు చూసి, వారిచ్చిన కాఫీ త్రాగి, గంటలో అడ్వాన్సు కట్టి వస్తాము. ప్రభుత్వ ధనానికి ఆడిట్ ఉన్నది, సొంత ధనానికి లేదు. అంతకు మించిన కారణమేదీ మాకు కనబడలేదు.

మరొక కారణం చరిత్రలో ఉన్నదేమో. కారు విషయంలో బేరమనే మాట మన దేశంలో అంత పాతది కాదు. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని రోజులలో డబ్బు కట్టి ఏండ్ల తరబడి వేచి ఉండేవారు. 1983 డిసెంబరు 14వ తేదీన ఇందిరాగాంధీ గారు తొలి మారుతి 800 తాళంచెవులను హర్‌పాల్ సింగ్ గారికి అందజేసిన నాడు మారుతి ఉద్యోగ్ కూడా మన వంటి ప్రభుత్వ రంగ సంస్థయే. ఆ కారుకూ వరుసలోనే నిలుచున్నారు. చేతికి వచ్చిన మంజూరు పత్రాన్ని పై డబ్బు తీసుకొని ఇతరులకు వదులుకున్నవారిని మా పెద్దలు ఎరుగుదురు. 1993లో కార్ల పరిశ్రమకు లైసెన్సు నిబంధన తొలగిన తదుపరి కంపెనీలు పెరిగాయి, వరుసలు తరిగాయి. 2007లో ప్రభుత్వం మారుతిలో తనకు మిగిలిన వాటాను కూడా అమ్మివేసింది. 2014లో అంబాసిడర్, మారుతి 800 రెండింటి ఉత్పత్తీ ఆగిపోయింది. అయినను మన మనస్సు మాత్రం ఇంకా ఆ వరుసలోనే నిలుచున్నట్లున్నది. కారును వారు మనకు అమ్ముతున్నారని గాక, దయతో ‘అలాట్’ చేస్తున్నారని భావిస్తాము. అమ్మేవారికి మన ఈ వినయం బాగుగా తెలుసు.

మేము 2025 నవంబరులో కారు కొన్నాము. అవసరం మా అత్తగారిది. డెబ్బది ఎనిమిదేండ్ల ఆమెకు ఆ సంవత్సరం అక్టోబరు నుండి వారానికి రెండుసార్లు డయాలిసిస్ మొదలైనది. ఆసుపత్రి మా టౌన్‌షిప్పుకు ముప్పై కిలోమీటర్ల దూరం. మా పాత కారు 2013 నాటిది. క్లచ్చి అరిగి, ఏ.సి. మూలబడి, ఆమెతో హైవే మీద రెండు పర్యాయాలు ఆగిపోయింది. డయాలిసిస్ ముగించుకొని వచ్చే మనిషిని ఎండలో రోడ్డు ప్రక్కన కూర్చుండబెట్టడం ఏమిటో చూచిన తరువాత ఇక ఆలోచన లేకపోయినది. అప్పటి నుండి అద్దె కారు మాట్లాడుకున్నాము. రానుపోను పద్దెనిమిది వందలు.

“డిసెంబరు దాకా ఆగండి సార్, సంవత్సరాంతంలో డిస్కౌంట్లు బాగుంటాయి” అని మా సెక్షనులో మిత్రులు సలహా ఇచ్చారు. సలహా మంచిదే. కాని మేము లెక్క వేశాము. సొంత కారైతే ఒక ప్రయాణానికి పెట్రోలు సుమారు నాలుగు వందలు. అనగా ఆగిన ప్రతి ప్రయాణానికి పధ్నాలుగు వందలు అదనపు ఖర్చు. ఆరు వారాలకు పన్నెండు ప్రయాణాలు, 16,800 రూపాయలు. డిసెంబరు చివర అదనంగా దొరకు తగ్గింపు దానిని మించునన్న నమ్మకం మాకు కలుగలేదు. ఆగడం కూడా ఒక ఖర్చే. దానిని ఏ కొటేషనులోను వ్రాయరు.

టెక్నికల్ బిడ్ ఇంట్లోనే తయారైనది. మా శ్రీమతి టేపు తీసుకొని అత్తగారి మంచం ఎత్తు కొలిచింది. యాభై ఆరు సెంటీమీటర్లు. ఆ మంచం మీద నుండి ఆమె ఎవరి సాయం లేకుండ లేవగలదు. కావున కారు సీటు నేల నుండి అంతకు రెండు మూడు సెంటీమీటర్ల తేడాలో ఉండవలెను. తలుపు వెడల్పుగా తెరుచుకొనవలెను. గడప తక్కువగా ఉండవలెను. ఏడాదికి ఎనిమిది వేల కిలోమీటర్లకు మించి తిరగము గనుక డీజిలు ప్రసక్తి లేదు. ఈ టేపు పట్టుకొనే నాలుగు షోరూములు తిరిగాము. ప్రకటనలలో గొప్పగా కనబడిన ఒక కారు సీటు లోతుగా ఉండి మొదటి దశలోనే అనర్హమైనది. అమ్మకందారులు ఇంజను శక్తిని గూర్చి చెప్పుచుండగా మేము నేల మీద కూర్చుండి గడప కొలుచుచున్న దృశ్యం వారికి వింతగా తోచి ఉండవచ్చు. చివరకు రెండు మోడళ్లు మిగిలాయి. రెండు మిగలడం మంచిదైనది. ఒక్కటే మిగిలిన కొనుగోలుదారునికి బేరం చేయు హక్కు లేదు.

ఇక ప్రైస్ బిడ్. కారు ధరలో కదలని భాగం ఒకటి, కదిలే భాగం ఒకటి ఉంటాయి. ఎక్స్-షోరూము ధరలో జి.ఎస్.టి. కలిసియే ఉంటుంది. 2025 సెప్టెంబరు 22 నుండి చిన్న కార్లపై ఈ పన్నును 18 శాతానికి తగ్గించారు. అంతకు పూర్వం 28 శాతం, దానిపై సెస్సు. నాలుగు మీటర్ల పొడవు దాటక, పెట్రోలు ఇంజను 1200 సి.సి., డీజిలు ఇంజను 1500 సి.సి. మించనివి చిన్న కార్లు. ఈ తగ్గుదలను కొందరు అమ్మకందారులు తమ డిస్కౌంటు వలె చూపడం కూడ కన్నాము. అది ప్రభుత్వం తగ్గించినది. వారి జేబులోనిది కాదు. జీవితకాలపు పన్ను, రిజిస్ట్రేషను రుసుము రవాణా శాఖకు చెందినవి. వాటికి ప్రభుత్వ రసీదు ఉంటుంది. పది లక్షలు దాటిన కారైతే ఒక శాతం టి.సి.ఎస్. వసూలు చేస్తారు, ఆదాయపు పన్ను రిటర్నులో అది సర్దుబాటు అవుతుంది గనుక ఆ చీటీని జాగ్రత్త చేసుకోవలెను. వీటిపై బేరం లేదు.

మిగిలినదంతా కదిలేదే. మాకు ఇచ్చిన తొలి కొటేషనులో ఈ కదిలే పద్దులు ఇట్లు ఉన్నాయి: బీమా 43,800, హ్యాండ్లింగు చార్జీలు 8,500, ‘ఎసెన్షియల్ కిట్’ 21,000, పొడిగించిన వారంటీ 14,200, రంగుపై రక్షణ పూత 12,000. మొత్తం 99,500 రూపాయలు. దీనికి ఎదురుగా, మీకోసం ప్రత్యేకమని చెప్పిన డిస్కౌంటు 10,000.

మాకు కారు చూపిన అబ్బాయికి ఇరవై నాలుగు, ఇరవై అయిదేండ్లు ఉంటాయి. మాటలో మర్యాద, చేతిలో కాలిక్యులేటరు. అతని తండ్రి మన ప్లాంటులోనే క్రేను ఆపరేటరుగా చేసి రిటైరైనవాడని మాటల మధ్య తెలిసింది. ఆ క్షణం నుండి ‘సార్’ పోయి ‘అంకుల్’ వచ్చింది. ప్రతి ప్రశ్నకు “మా మేనేజరుగారిని అడిగి వస్తానంకుల్” అని అద్దాల గది లోనికి వెళ్లి, కొంతసేపు ఉండి, ఒక వెయ్యి తగ్గించుకొని వచ్చేవాడు. మూడవసారి లేచినప్పుడు మా శ్రీమతి, “నాయనా, నువ్వు తిరిగి తిరిగి అలిసిపోతున్నావు. ఆయన్నే ఇక్కడికి రమ్మను, అందరం ఒకేసారి మాట్లాడుకుందాం” అన్నది.

మేనేజరు వచ్చాడు. “ఈ స్కీము రేపటితో అయిపోతుంది మేడమ్” అన్నాడు.

“కంపెనీ వారి కాగితం ఏమైనా ఉందాండీ, రేపటితో అయిపోతుందని?”

కాగితం లేదు. రేపు మాత్రం ఉన్నది. మేము ఆనాడు సంతకం చేయక ఇంటికి వచ్చాము. వారం తరువాత అదే స్కీము, అదే ‘రేపు’ యథాతథంగా ఉన్నాయి.

బీమా సంగతి కొంత వివరంగా చెప్పవలెను, ఏలనన మా లెక్కలో అత్యధిక లాభం అక్కడే. సుప్రీం కోర్టు ఆదేశానుసారం 2018 సెప్టెంబరు 1 నుండి కొత్త కారుకు మూడేండ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. ఆ ప్రీమియాన్ని ప్రభుత్వం నిర్ణయిస్తుంది. ఏ కంపెనీలో తీసుకున్నా ఒకటే. తేడా వచ్చేది మన కారుకు కలుగు నష్టం తాలూకు భాగంలో. దానిని షోరూము ద్వారానే తీసుకొనవలెనన్న నిర్బంధం లేదు. అంతకంటె ముఖ్యమైన సంగతి నో క్లెయిమ్ బోనస్. అయిదేండ్లు వరుసగా క్లెయిము చేయనివారికి అది 50 శాతానికి చేరుతుంది. ఆ బోనస్ కారుది కాదు, యజమానిది. పాత కారు అమ్మినప్పుడు బీమా కంపెనీ నుండి ఉత్తరం తీసుకొంటే కొత్త కారుకు బదిలీ అవుతుంది. ఆ ఉత్తరం మూడేండ్లు చెల్లుతుంది. మన సహోద్యోగులలో పలువురు పాత కారుతోబాటు ఈ బోనస్‌ను కూడా ఊరకనే వదలిపెట్టడం మేము చూచాము. అదే ఐ.డి.వి., అదే జీరో డిప్రిసియేషను పెట్టి బయట అడిగితే, మా బోనస్ కలుపుకొని 26,300కు వచ్చింది.

“షోరూము బీమా అయితేనే క్యాష్‌లెస్ అంకుల్” అన్నాడు ఆ అబ్బాయి. మేము ఆ కంపెనీ గ్యారేజీల జాబితాలో అదే షోరూము వర్క్‌షాపు పేరు చూపించాము. అతడు నవ్వి ఊరకున్నాడు.

హ్యాండ్లింగు చార్జీలకు ప్రభుత్వ రసీదు ఇవ్వగలరా అని అడిగాము. ఆ ప్రశ్న ఒక్కటి చాలింది, పద్దు మాయమైనది. పూత మాకు అనవసరం. కిట్‌లో పద్నాలుగు వస్తువులున్నవి. కాళ్లక్రింది పట్టాలు, మడ్‌ఫ్లాపులు మాత్రం 3,600కు తీసుకొన్నాము. పొడిగించిన వారంటీని కాదనలేదు. పదవీ విరమణ సమీపిస్తున్నవారికి ఊహించని రిపేరు ఖర్చు పెద్ద భారం. పైగా మేము కారును పన్నెండేండ్లు వాడే రకం. వెరసి 99,500కు బదులు 44,100 అయినది. డిస్కౌంటును, ప్రభుత్వ రంగ ఉద్యోగులకు కంపెనీ ఇచ్చే స్కీము కలుపుకొని, పదివేల నుండి 19,000కు పెంచగలిగాము. ఇక్కడ పాఠకులు ఒక విషయం గమనించ ప్రార్థన. వారం దినాలు గొంతు నొప్పి పుట్టే వరకు చేసిన బేరంలో వచ్చినది తొమ్మిది వేలు. పద్దుల జాబితా చదివి వద్దనుకున్నందువలన మిగిలినది 55,400.

ఋణం విషయమై ఒక మాట. షోరూములో కూర్చున్న ఫైనాన్సు ప్రతినిధి మాకు 6 శాతం వడ్డీ అని చెప్పాడు. మా బ్యాంకు 9 శాతం అన్నది. ఆరు చిన్నది, తొమ్మిది పెద్దది అని బడిపిల్లవాడు కూడా చెప్పును. కాని అతని ఆరు ‘ఫ్లాట్’. ఆరు లక్షలకు అయిదేండ్లపాటు, తీర్చిన అసలుపై కూడా వడ్డీ వేసినచో 1,80,000 వడ్డీ, నెలకు 13,000. బ్యాంకు తొమ్మిది శాతం తగ్గుచున్న నిలువపై; నెలకు సుమారు 12,455, మొత్తం వడ్డీ సుమారు 1,47,300. అతని ఆరు శాతాన్ని బ్యాంకు పద్ధతిలోనికి మార్చి చూస్తే పదిన్నర దాటి పదకొండుకు చేరువగా వస్తుంది. శాతాన్ని గూర్చి వాదించక, ‘నెలకెంత, ఎన్ని నెలలు, ప్రాసెసింగు ఎంత, ముందుగా తీర్చివేస్తే రుసుమెంత’ అను నాలుగు ప్రశ్నలు కాగితం మీద అడగడం మేలు.

బదిలీలు మిగిలియున్న యువ ఉద్యోగులు బి.హెచ్. శ్రేణి రిజిస్ట్రేషనును పరిశీలించవలెను. 2021 సెప్టెంబరు నుండి అమలులో ఉన్న ఈ పద్ధతి ప్రభుత్వ రంగ ఉద్యోగులకు వర్తిస్తుంది. జీవితకాలపు పన్ను ఒకేసారి గాక రెండేసి సంవత్సరాలకు కట్టవచ్చును. రాష్ట్రం మారినప్పుడు నంబరు మార్చి, కట్టిన పన్ను వాపసుకై కార్యాలయాల చుట్టూ తిరిగే శ్రమ ఉండదు. మధ్యప్రదేశ్ నుండి ఆంధ్రకు బదిలీ అయి వచ్చినప్పుడు ఆ శ్రమను మేము రెండేండ్లు అనుభవించాము. ఇప్పుడు ఇక కదిలేది లేదు గనుక జీవితకాలపు పన్నే కట్టాము.

పాత కారుకు షోరూము వారు 55,000, ఎక్స్‌ఛేంజి బోనస్ 15,000, కలిపి 70,000 ఇస్తామన్నారు. మా మెయింటెనెన్సు విభాగంలోని ఒక టెక్నీషియను తానే తీసుకుంటానని వచ్చాడు. అతనికి క్లచ్చి, ఏ.సి., హైవే మీద ఆగిన రెండు సందర్భాలు, ఎడమ తలుపు క్రింద తుప్పు అన్నియు కాగితంపై వ్రాసి ఇచ్చాము. “ఇవన్నీ నేనే చేసుకుంటానండీ” అని ఎనభై వేలకు ఒప్పుకున్నాడు. తెలిసినవానికి అమ్మేటప్పుడు బేరం కంటె ఈ జాబితా ముఖ్యమని మా అభిప్రాయం. రేపు క్యాంటీనులో ఎదురుపడవలసిన వారము. ఫారం 29, ఫారం 30 సంతకాలు చేసి, ఆర్.సి. అతని పేరుకు మారిన తరువాతనే ఫైలు మూశాము. రికార్డులో పేరున్నవాడే యజమానిగా బాధ్యుడని 2018లో సుప్రీం కోర్టు తేల్చి చెప్పినది. ‘మనవాడే గదా’ అని వదలివేయరాదు.

చిక్కంతా చివరి ఘట్టంలో వచ్చింది. పాతిక వేలు అడ్వాన్సు కట్టేటప్పుడు బుకింగు ఫారంపై, కారు తయారై మూడు నెలలకు మించరాదని మేము చేతితో వ్రాసి, మేనేజరుచేత సంతకం చేయించాము. మన టెండర్లలో డెలివరీ క్లాజు వ్రాసినట్లే. డెలివరీకి రెండు రోజుల ముందు కారు చూపమని అడిగాము. ఊరి వెలుపల యార్డులో, మర్రిచెట్టు క్రింద చూపించారు. టైరు ప్రక్కన నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండు వారాన్ని, తరువాతి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. అవి 0425 అని ఉన్నాయి. అనగా 2025 జనవరి నాలుగవ వారపు టైరు. టైరు కంటె కారు కొత్తది కావచ్చునని చాసిస్ నంబరు ప్రకారం తయారీ నెల అడిగాము. ఫిబ్రవరి. తొమ్మిది నెలలు ఆరుబయట నిలిచిన బండి. బ్యాటరీ నీరసించింది, వైపర్ల రబ్బరు బిరుసెక్కింది.

పాత నిల్వ కొనడం తప్పని మేము అనము. పన్నెండేండ్లు వాడేవారికి తొమ్మిది నెలల తేడా పెద్దది కాదు. దానికి తగిన ధర ఉండవలెను, అంతే. నాలుగేండ్లకే అమ్మదలచినవారికి మాత్రం ఆ తేడా తప్పక తగులుతుంది, ఏలనన ఆర్.సి.లో తయారీ నెల, సంవత్సరం అచ్చై ఉంటాయి. మేము మేనేజరుతో, “కొత్త బండి ఇవ్వండి, లేదా ఈ బండికి నలభై వేలు తగ్గించండి, లేదా అడ్వాన్సు తిరిగి ఇవ్వండి” అన్నాము. అడ్వాన్సు వాపసు ఇవ్వబడదని అచ్చైన వాక్యాన్ని ఆయన చూపాడు. దాని క్రిందనే తన సంతకమున్న చేతివ్రాతను మేము చూపాము. కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆనాడు సోమవారం, మరునాడు డయాలిసిస్. మా శ్రీమతి మావైపు చూచింది, మేము అద్దె కారువానికి ఫోను చేసి మరునాటికి రమ్మన్నాము. ఆ ఫోను మేనేజరు విన్నాడు. అయిదు రోజులలో అక్టోబరులో తయారైన బండి వచ్చింది.

ఆ అయిదు రోజులలో ఒక సాయంత్రం ఆ అబ్బాయి మా క్వార్టరుకు వచ్చాడు, కాగితాల మీద సంతకాలకు. మా శ్రీమతి అల్లం టీ ఇచ్చింది. మాటల మీద తెలిసినది: వానికి నెల జీతం స్వల్పం, ఇన్సెంటివు వచ్చేది బీమా, కిట్టు, పూత, ఫైనాన్సు మీదనే. మేము ఒక్కొక్కటిగా కొట్టివేసిన పద్దులలో వాని భాగం ఉన్నది. “పర్లేదంకుల్, అందరూ మీలాగా చదవరు గదా” అన్నాడు. ఆ మాటలో నిష్ఠూరం లేదు, అదే మమ్ములను కొంత కలతపెట్టినది.

ఆ రాత్రి ఇంట్లో దీనిపై చర్చ జరిగింది. పూత వేయించుకొని ఉంటే ఏమి పోయింది, పన్నెండు వేలే గదా అని మా శ్రీమతి పక్షం. అమ్ముడుపోని పూతను అంటగట్టితేనే జీతమని నియమం పెట్టినది షోరూము. ఆ లోటును కొనేవాడు భర్తీ చేయరాదని మా పక్షం. పైగా పన్నెండు వేలలో వానికి దక్కేది ఏ మూడు నాలుగు వందలో. మేము ఇప్పటికీ ఆ పక్షమే. అయితే మేనేజరుకు, కంపెనీ ప్రాంతీయ కార్యాలయానికి ఒక ఉత్తరం వ్రాశాము: ఈ అబ్బాయి మాకు ఏ అబద్ధమూ చెప్పలేదని, ఫిబ్రవరి బండిని తాను ముందుగా చూచి ఉండలేదని, ఎవరడిగినా అతని పేరే చెప్పుదుమని. మా టౌన్‌షిప్పు నుండి ఈ మధ్య ఇద్దరు అతని వద్దనే కొన్నారు. పద్దులు కొట్టివేసియే కొన్నారు. బండికి ఇంతని వచ్చే ఇన్సెంటివు మాత్రం దక్కినదని చెప్పాడు.

మొదటి మంగళవారం అత్తగారు తలుపు పట్టుకొని, తనంతట తాను ఎక్కి కూర్చున్నది. సీటు యాభై ఎనిమిది సెంటీమీటర్లు. “మంచంకంటె కొంచెం ఎత్తు, అల్లుడుగారూ” అన్నది. రెండు సెంటీమీటర్ల తేడాను టేపు లేకుండ పట్టిన ఆమెను ఇన్‌స్పెక్షను విభాగంలో వేయవలసినది.

ఈ కొనుగోలు కొరకు మేము తయారుచేసిన కంపారిటివ్ స్టేట్‌మెంటు, ఋణం లెక్క, డెలివరీకి ముందు చూడవలసిన అంశాల కాగితం మా టేబులు సొరుగులో ఉన్నవి. కావలసినవారు భోజన విరామంలో వచ్చి నకలు తీసుకొనవచ్చును. మోడలు పేర్లు కొట్టివేసి ఉంచాము. ఎవరి టేపుతో వారే కొలుచుకొనవలెను.